లాబీలో తెర పెట్టాలంటే ముందు ఎర్తింగ్ చూడండి

2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్లు తయారవడం మొదలయ్యాక పెనుకొండ చుట్టుపక్కల అద్దె ఇళ్లకు గిరాకీ పెరిగింది. హిందూపురం, ధర్మవరం కూడా పైకి పెరుగుతున్న ఊళ్లే. కింద పార్కింగు, ఓ మూల మీటర్ల బోర్డు, లిఫ్టు ముందు నాలుగడుగుల లాబీ, అక్కడ గోడకు అతికించిన నోటీసు కాగితాలు: ఈ ఊళ్ల అపార్ట్‌మెంట్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఇప్పుడు అసోసియేషన్ మీటింగుల్లో ఆ కాగితాలకు బదులు ఓ తెర పెడదామన్న మాట వస్తోంది. మునిసిపల్ నీళ్లు ఏ పూట వదులుతారు, ట్యాంకరు ఎప్పుడొస్తుంది, లిఫ్టు సర్వీసు ఏ రోజు, మెయింటెనెన్సుకు గడువెంత అన్నవి అందులో కనిపిస్తాయి. మంచి ఆలోచనే. నీళ్లొచ్చే వేళను బట్టి ఇంటి పనులు సర్దుకునే ఊళ్లలో ఇలాంటి తెర నిజంగా పనికొస్తుంది.

కానీ చర్చ సాధారణంగా ఎన్ని అంగుళాలు, ఏ కంపెనీ అన్న దగ్గరే ముగుస్తుంది. ఇంట్లో టీవీ వేరు, లాబీలో తెర వేరు. ఎవరూ కనిపెట్టుకుని ఉండకపోయినా ఇది రోజంతా వెలుగుతుంది. అందరూ నడిచే దారిలో, పిల్లల చేతికందే గోడ మీద ఉంటుంది. అందుకే కమిటీ వాళ్లకు నేను చెప్పేది ఒకటే. డబ్బు ముందు ప్లగ్గు వెనకాల, నేల కింద ఖర్చు పెట్టండి. తెర పరిమాణం మిగిలిన దాన్ని బట్టి చూసుకోండి.

నేల ఎండిన చోట ఎర్తింగ్

పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. 2022 ఏప్రిల్ 4న ఈ ఊళ్లున్న శ్రీ సత్యసాయి జిల్లా దాని నుంచి విడివడినా నేల మారలేదు, వాన మారలేదు. లీకైన కరెంటును ఎర్తింగ్ భూమిలోకి పంపాలంటే ఆ భూమిలో తడి ఉండాలి. ఎండిన ఎర్రమట్టిలో, రాతి నేలలో కరెంటుకు అడ్డు పెరుగుతుంది. భవనం కట్టినప్పుడు పైపు పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పోసి మూత పెట్టిన గుంత ఏళ్ల తరబడి చుక్క నీరు ఎరగకపోతే అది పేరుకే ఎర్తింగ్. పార్కింగులో టైల్స్ పరిచినప్పుడు ఆ మూత వాటి కిందే పోయి ఉంటే అది ఎక్కడుందో వాచ్‌మన్‌కు కూడా తెలియదు.

కాబట్టి చేయవలసిన మొదటి పని దుకాణానికి వెళ్లడం కాదు. ఎర్తింగ్ గుంత ఎక్కడుందో వెతికించండి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఎర్త్ టెస్టరుతో కొలిపించి, ఎన్ని ఓములు వచ్చిందో కాగితం మీద రాయించుకోండి. ఎర్తింగ్ ఎలా ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 3043. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా గుంతలో క్రమం తప్పకుండా నీళ్లు పోయించండి. వాచ్‌మన్ మొక్కలకు నీళ్లు పెట్టే వేళ దీనికీ ఓ బిందె పోస్తే సరిపోతుంది.

లాబీ ప్లగ్గును కూడా విడిగా పరీక్షించాలి. మల్టీమీటరుతో చూస్తే ఫేజు, న్యూట్రల్ మధ్య 230 వోల్టుల దరిదాపు రావాలి. ఫేజు, ఎర్త్ మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య కొద్ది వోల్టులకు మించితే ఎక్కడో తేడా ఉన్నట్టు. ఇది ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని. మీరు బల్బు, రెండు వైరు ముక్కలు పట్టుకుని చూడబోకండి.

ఒక తప్పు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ జరగనివ్వకండి. ప్లగ్గు దాకా ఎర్త్ వైరు రాలేదని, బోర్డులోనే మూడో పిన్నును న్యూట్రల్‌కు కలిపేసే అలవాటు కొందరు పనివాళ్లకు ఉంది. పైకి అంతా బాగానే పనిచేస్తుంది. ఏదో ఒక రోజు న్యూట్రల్ తెగితే తెరను పట్టుకుని ఉన్న ఇనుప ఫ్రేము మీదికి 230 వోల్టులు వచ్చేస్తాయి. నీళ్ల పైపుకు ఎర్త్ తగిలించడమూ ఇలాంటిదే. ఇప్పుడు మధ్యలో ప్లాస్టిక్ పైపులు ఉంటాయి కాబట్టి ఆ కరెంటు భూమికి చేరదు, ఏదో ఒక ఇంటి కుళాయి దగ్గర ఆగుతుంది.

ఎర్తింగ్ అంతంతమాత్రంగా ఉన్నచోట ఎంసీబీని నమ్ముకుంటే చాలదు. ఎంసీబీ పడిపోవాలంటే పెద్ద కరెంటు పారాలి, ఎండిన నేల అంత కరెంటును పారనివ్వదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మాత్రం ఆ కొద్దిపాటి లీకేజీకే సరఫరాను తెంచేస్తుంది. ఈ మూడు ఊళ్లలో లాబీ తెరకు అతి ముఖ్యమైన హార్డ్‌వేరు ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూడాలి. అయితే ఒక చేత్తో ఫేజును, ఇంకో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకున్న మనిషిని అది కాపాడలేదని కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకో సందేహం తరచూ వస్తుంది. కొన్ని టీవీలకు రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది కదా, వాటికి ఎర్తింగ్ ఎందుకని. టీవీ వెనక లేబుల్ మీద ఒక చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నట్టు, దానికి ఎర్త్ అక్కర్లేదు. కానీ దాని పక్కన పెట్టే ఇనుప కేబినెట్టుకు, ఇనుప డబ్బాలో వచ్చే మినీ కంప్యూటరుకు కావాలి. సర్జ్ ప్రొటెక్టరుకైతే మరీ కావాలి. ఎర్త్ లేని ప్లగ్గులో పెట్టిన స్పైక్ గార్డు చేసే మేలు చాలా తక్కువ, దాని మీద దీపం వెలుగుతున్నా సరే.

కరెంటు ఎక్కడి నుంచి తీయాలి

కామన్ సర్వీసు మీటరు తర్వాత ఉన్న డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి తెరకు విడిగా ఒక లైను తీయించండి. 6 ఆంపియర్ల ఎంసీబీ, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతాయి. 32 అంగుళాల ఎల్ఈడీ టీవీ మామూలుగా 40 నుంచి 60 వాట్లు తింటుంది. 50 వాట్ల లెక్కన రోజుకు 16 గంటలు వేస్తే నెలకు 24 యూనిట్లు. కాబట్టి సమస్య బిల్లుది కాదు, లైను శుభ్రంగా ఉండటానిది. వైరు మీద ఐఎస్ 694, ప్లగ్గు సాకెట్టు మీద ఐఎస్ 1293 ముద్రలు చూసి తీసుకోండి.

లిఫ్టు ప్యానెల్ నుంచి, మంటలార్పే పంపు ప్యానెల్ నుంచి లైను లాగకూడదు. మీటరుకు ముందు వచ్చే వైరు జోలికి అసలే పోకూడదు. అది ఏపీఎస్‌పీడీసీఎల్ పరిధి, అక్కడ ఏ తేడా కనిపించినా 1912కు ఫోన్ చేయడమే పద్ధతి. తెర కోసం పెట్టిన ప్లగ్గులో ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జర్ పెట్టనివ్వకండి. పార్కింగులో ఖాళీ సాకెట్టు కనిపిస్తే ఎవరో ఒకరు పెడతారు కాబట్టి, సాకెట్టు తెర వెనక దాగి ఉండేలా, స్విచ్చు మాత్రం విడిగా వాచ్‌మన్ చేతికందేలా బిగించాలి. తెర నుంచి పొగ వస్తుంటే దాని వెనక చేయి పెట్టకుండానే కరెంటు ఆపగలగాలి.

కరెంటు పోవడం కన్నా తిరిగి వచ్చే క్షణమే ప్రమాదం. ఆ క్షణంలోనే కాదు, త్రీఫేజు సరఫరా ఉన్న భవనంలో ఎప్పుడు న్యూట్రల్ తెగినా, వదులైనా సింగిల్ ఫేజు ప్లగ్గులోకి 400 వోల్టుల దాకా రావచ్చు. ఒకే రోజు అన్ని ఫ్లాట్లలో టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయాయని వినే కథల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. దీనికి మామూలు స్టెబిలైజరు చాలదు. వోల్టేజి హద్దు దాటగానే తెంచేసి, కాస్త ఆగి తిరిగి కలిపే ఓవర్ వోల్టేజి కటాఫ్‌ను ఎంసీబీ పక్కనే పెట్టించండి. చాలా టీవీలు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేలానే వస్తాయి కాబట్టి విడిగా స్టెబిలైజరు మీద ఖర్చు పెట్టాల్సిన పని చాలాచోట్ల ఉండదు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వేళ మబ్బు కమ్మి ఉరిమినప్పుడు ఇంకో దారి తెరుచుకుంటుంది. మేడ మీది డిష్ నుంచి, రెండో బ్లాకు నుంచి ఆరుబయట వేలాడుతూ వచ్చే రాగి ల్యాన్ వైరు నుంచి పిడుగు ప్రభావం నేరుగా తెరలోకి దిగుతుంది. సమాచార తెరకు డిష్ అవసరమే లేదు. బ్లాకుల మధ్య ఫైబరు గానీ వైఫై గానీ వాడండి.

ఏ తెర, ఏ పెట్టె

మూడు దారులున్నాయి. మామూలు టీవీ, దుకాణాల్లో రోజంతా నడిపే కమర్షియల్ డిస్‌ప్లే, ఈ-పేపర్ బోర్డు. ఇంటి టీవీ రోజుకు కొన్ని గంటలు నడిచేలా చేసింది. దాన్ని లాబీలో పెడితే వ్యాపార వాడకం కింద వారంటీ వర్తించదని చాలా కంపెనీలు షరతుల్లో రాస్తాయి, ఆ కాగితం కొనేముందే చదవాలి. కమర్షియల్ డిస్‌ప్లేల మీద 16/7 అనో 24/7 అనో ఉంటుంది. డబ్బు ఎక్కువే అయినా తెల్లవారి నుంచి పొద్దుపోయేదాకా నడపాలనుకుంటే అదే క్షేమం. టీవీతోనే సర్దుకుంటే రాత్రి పదకొండు నుంచి ఉదయం ఐదు దాకా టైమరుతో ఆపేయండి.

మూడోదాని గురించి మనవాళ్లు తక్కువగా ఆలోచిస్తారు. ఈ-పేపర్ బోర్డుకు బొమ్మ మార్చేటప్పుడే కరెంటు కావాలి, కరెంటు పోయినా ఆఖరి నోటీసు అలాగే నిలిచి ఉంటుంది. వేడెక్కదు, ఎదురెండలోనూ అక్షరాలు చదవవచ్చు. రంగులు, వీడియోలు ఆశించకూడదు, పెద్ద సైజుల్లో ఖరీదు ఎక్కువ. అయినా పది ఫ్లాట్ల చిన్న భవనానికి, నీళ్ల వేళలూ మీటింగు తేదీలే చూపాలంటే, ఇది సరిపోయే వస్తువని నా అభిప్రాయం.

వేడి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. చాలా తెరలకు తయారీదారు రాసే హద్దు 40 డిగ్రీలు. ధర్మవరంలో ఎండాకాలం మధ్యాహ్నం బయటే అంతకు మించుతుంది, పడమటి ఎండ పడే గోడ మీద మరీ ఎక్కువ. ఆ గోడ వద్దు. దొంగల భయంతో ప్లైవుడ్ పెట్టె చేయించి అద్దం బిగించడం వద్దు. లోపల చేరిన వేడి, దుమ్ము, పక్కన చెక్క కలిస్తే నిప్పుకు అంతకన్నా ఏం కావాలి? గాలి ఆడే ఇనుప గ్రిల్లు, తాళం వేసే బ్రాకెట్టు దొంగలకు చాలు. పైనా, కిందా, పక్కలా నాలుగంగుళాల ఖాళీ వదలండి. నెలకోసారి స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసి, పొడి గుడ్డతో దుమ్ము దులిపించండి. తడిగుడ్డ పనికిరాదు.

తెరకు బొమ్మ పంపే పెట్టె దగ్గర కక్కుర్తి ఎక్కువ కనిపిస్తుంది. ఇంట్లో మూలపడ్డ ల్యాప్‌టాపును తెర వెనక కుక్కడం, పాత ట్యాబ్‌ను గోడకు బిగించి రాత్రింబగళ్లు చార్జింగులో ఉంచడం చేయకూడనివి. ఎప్పుడూ నిండుగా, వేడిలో ఉండే లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది, ఒక్కోసారి మండుతుంది. లాబీకి బ్యాటరీ లేని పెట్టే మేలు. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు వాడితే దాని సొంత అడాప్టరే వాడండి. పై 4కు 5 వోల్టులు 3 ఆంపియర్లు, పై 5కు 5 వోల్టులు 5 ఆంపియర్లు కావాలి. ఇంట్లో దొరికిన ఫోను చార్జరు అంత బరువు మోయలేదు. కరెంటు ఒక్కసారిగా పోతే మెమరీ కార్డు పాడయ్యే అవకాశం ఉంది కాబట్టి, పెట్టెకు, రౌటరుకు చిన్న యూపీఎస్ పెట్టండి. తెర ఆరినా నష్టం లేదు. ఆ యూపీఎస్‌లో గానీ, ఇన్వర్టరులో గానీ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటే దాన్ని మూసిన అలమరలో పెట్టకూడదు. చార్జింగులో అది వదిలే హైడ్రోజన్ గాలికి పోవాలి.

హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల దరిదాపే. అక్కడి ఎస్పీ రోడ్డుకు వెళ్తే ఎలక్ట్రానిక్ సామాను ఏదైనా చవకగా దొరుకుతుంది. వెళ్లండి, కానీ బిల్లు లేకుండా తేవద్దు. టీవీకి, అడాప్టరుకు బీఐఎస్ గుర్తు, దాని కింద ‘ఆర్’తో మొదలయ్యే ఎనిమిదంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. దుకాణంలో నిలబడే బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడవచ్చు. కంపెనీ పేరు వేరేది వస్తే సరుకు అక్కడే వదిలేయండి.

కొనేముందు ఇంకో పరీక్ష చేయండి. ‘క్ష్మ’, ‘స్త్ర’, ‘ర్వ్య’ లాంటి అక్షరాలున్న నోటీసు ఆ పెట్టెలో వేసి చూడండి. చవక పెట్టెల్లో వత్తులు విడిపోతాయి, లేకపోతే కింది వరుసలో కత్తిరించుకుపోతాయి. ‘విద్యుత్ సరఫరా ఉండదు’ అన్నది చదవలేని తెర పెద్దవాళ్లకు ఉపయోగం లేనిది. పది అడుగుల దూరం నుంచి తేలిగ్గా చదవాలంటే అక్షరం ఒక అంగుళం ఎత్తుండాలి. అందుకు 43 అంగుళాల తెరే అక్కర్లేదు, ఒక పేజీలో నాలుగు వరుసలకు మించి రాయకుండా ఉంటే 32 చాలు.

గోడ, దారి

గోడ ఇటుకదా, కాంక్రీటుదా, తేలికపాటి ఏఏసీ బ్లాకుదా, లోపల డొల్లగా ఉండే సిమెంటు బ్లాకుదా ముందు తెలుసుకోవాలి. మామూలు రావల్ ప్లగ్గు ఏఏసీ బ్లాకులో కొన్నాళ్లకు వదులవుతుంది. దానికి తగిన పొడవాటి నైలాన్ యాంకర్లు వేరే ఉంటాయి. బ్రాకెట్టు తెర వెనక ఉన్న వెసా రంధ్రాలకు సరిపోవాలి. తెర బరువుతో పాటు వేలాడబోయే పిల్లవాడి బరువునూ లెక్కలో పెట్టుకోండి. పెచ్చులూడే గోడ మీద, బాత్రూము పైపు వెళ్లే చెమ్మ గోడ మీద వద్దు. డ్రిల్లు పెట్టేముందు ఆ వైపు ఎంసీబీ దించేయాలి. స్విచ్చు బోర్డులకు నేరుగా పైనా కిందా లోపల వైర్లు ఉంటాయి.

లాబీ అంటే బయటపడే దారి. మంటలొచ్చినప్పుడు పొగలో తడుముకుంటూ వచ్చేది అటువైపే. మెట్ల తలుపుకు, హోస్ రీలుకు, కరెంటు ప్యానెల్‌కు అడ్డంగా తెర ఉండకూడదు. అమెరికాలో వికలాంగుల సౌకర్య ప్రమాణాల ప్రకారం, నడిచే దారిలో మోకాలికి పైన, తలకు లోపు ఎత్తులో గోడ నుంచి నాలుగంగుళాలకు మించి ఏదీ పొడుచుకు రాకూడదు, ఎందుకంటే చూపు లేనివారి చేతికర్ర నేల మీద దాన్ని పసిగట్టలేదు. మన లాబీలకూ ఇది మంచి కొలత. బయటికి లాగి తిప్పే బ్రాకెట్టు కాకుండా గోడకు అంటుకునేది కొనండి.

ప్లగ్గులు, పెట్టెలు నేల మీద వద్దు. 2021 నవంబరు వానల్లో చిత్రావతి ఎలా పొంగిందో ధర్మవరం వాళ్లు మరిచిపోలేదు. ఎప్పుడూ వాన లేని సీమ అనుకున్న చోటే పార్కింగుల్లోకి నీళ్లు వస్తాయి. నాలుగడుగుల పైనే అన్నీ బిగించండి. లాబీలో నీళ్లు నిలిస్తే ముందు మెయిన్ ఆపించాలి, ఆ తర్వాతే అందులో కాలు పెట్టాలి.

తెర దగ్గర సీఓటూ గానీ డ్రై పౌడరు గానీ ఉన్న మంటలార్పే సిలిండరు ఒకటి పెట్టండి. నీళ్లు చల్లవద్దు. అత్యవసర నంబర్లను, అంటే 112, 101, 108, 1912ను, తెరలో మాత్రమే ఉంచవద్దు. అగ్నిప్రమాదంలో మొదట పోయేది కరెంటే. పక్కనే రేకు మీద పెయింటుతో రాయించాలి.

ఎవరి చేయి పడుతుందో చూడండి

2023 మార్చిలో పట్నా జంక్షన్‌లో ప్లాట్‌ఫారం తెరల మీద ప్రకటనలకు బదులు అసభ్య వీడియో మూడు నిమిషాల పాటు ఆడింది. 2019 జనవరిలో ఎవరో ప్రపంచమంతటా టీవీలకు తగిలించే వేల క్రోమ్‌కాస్ట్‌లలోకి దూరి తమ సందేశం ఆడించారు. రౌటర్లు తెరిచి ఉంచడమే కారణం. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ బ్యాడ్‌బాక్స్ 2.0 అనే ముప్పు గురించి హెచ్చరించింది. చవక ఆండ్రాయిడ్ పెట్టెల్లో కొన్ని ఫ్యాక్టరీ నుంచే హానికరమైన సాఫ్ట్‌వేరుతో వస్తున్నాయని చెప్పింది. పేరు లేని పెట్టె కొని అసోసియేషన్ వైఫైకి తగిలిస్తే నష్టపోయేది తెర ఒక్కటే కాదు, అదే వైఫైలో ఉన్న సీసీ కెమెరాలు, ఇళ్ల ఫోన్లు కూడా.

తెరకు వేరే నెట్‌వర్కు పేరు ఇవ్వండి. కొన్నప్పుడు వచ్చిన పాస్‌వర్డు మొదటి రోజే మార్చండి. ఫోను నుంచి బొమ్మ పంపే క్యాస్టింగ్, బ్లూటూత్ ఆపేయండి. యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ సాకెట్లు చేతికందకుండా మూయండి. కెమెరా, మైకు ఉన్న తెర లాబీకి వద్దు. కొత్త నోటీసు పెట్టే అధికారం ఇద్దరికే ఉండాలి, వాళ్లలో ఒకరు కమిటీ నుంచి దిగిపోయిన రోజే పాస్‌వర్డు మారాలి.

తెర మీద చూపకూడనివీ భద్రతలో భాగమే. మెయింటెనెన్సు బాకీ ఉన్నవాళ్ల పేర్లు వేయకండి. అది వసూలు కాదు, నలుగురిలో అవమానించడం. ఫలానా ఫ్లాట్ వాళ్లు ఊరెళ్లారని, ఫలానా ఇంట్లో పెళ్లని, ఏ ఇంటి పనిమనిషి ఏ వేళ వస్తుందని వేయకండి. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఇళ్లలో లక్షల సరుకు అలమరల్లో ఉంటుంది. తాళం వేసిన ఇల్లు ఏదో వీధిలోంచే కనిపించే తెర మీద రాయడం దొంగకు దారి చూపించడమే. ఫోను నంబర్లు, డెలివరీ ఓటీపీలు, బండి నంబర్లు కూడా వద్దు. వ్యక్తుల డిజిటల్ సమాచారాన్ని కాపాడటానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం లేకపోయినా పొరుగువాడి ఇంటి సంగతి అందరికీ చూపే హక్కు కమిటీకి ఎక్కడిది?

తెర బిగించాక ఒక కాగితం రాసి మీటర్ల బోర్డు దగ్గర అతికించండి. ఏ ఎంసీబీ దానిది, ఎర్తింగ్ గుంత ఎక్కడుంది, చివరిసారి ఎన్ని ఓములు వచ్చింది, ఆర్‌సీసీబీ ఏ తేదీన పరీక్షించారు అన్నవి అందులో ఉండాలి. వేసవి మొదలయ్యేముందు ఏటా ఎర్తింగ్ మళ్లీ కొలిపించి ఆ తేదీ చేర్చండి. తెర ముసలిదై పోయాక పాత సామాను వాడికి ఇవ్వకండి, రాగి కోసం వైర్లు కాల్చేచోటికి అది చేరుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత వస్తువుల రీసైక్లింగ్ బాధ్యత తయారీదారుది. కొన్న బిల్లు దాచి ఉంచితే ఏ కంపెనీని అడగాలో ఆ రోజు వెతుక్కోనక్కర్లేదు.